ఒగ్గీ అంటే వదిలెయ్యమని

పాపకు పాలిచ్చేటప్పుడు అతన్ని తలచుకోకూడదని మా అమ్మ నాకు నియమం పెట్టింది. తల్లి మనసులోని పగ పాలతోపాటు బిడ్డ కడుపులోకి దిగుతుందని ఆమె నమ్మకం. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. పాలు ఎక్కడ, ఎలా తయారవుతాయో పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా పాప కడుపుబ్బి, కాళ్ళు ముడుచుకుని ఏడ్చిన ప్రతిసారీ, ఆ పూట అతను నా మనసులోకి వచ్చాడా అని వెనక్కి వెళ్ళి వెతుక్కుంటాను. వచ్చే ఉంటాడు. రాని పూట ఏది?

అతను ఫుట్‌బాల్ కోచ్. నేను డిఫెండర్ని. భువనేశ్వర్‌లో ఒక మహిళల క్లబ్బుకు జీతానికి ఆడతాను. విజయనగరంలో మా వీధివాళ్ళు ఏం చేస్తున్నావని అడిగితే ఫుట్‌బాల్ ఆడతానని చెప్తాను. "అది సరే, ఉజ్జోగమేటి?" అని మళ్ళీ అడుగుతారు.

మాది బొబ్బిలి దగ్గర రైతు కుటుంబం. హైస్కూల్లో ఆడపిల్లల జట్టు కట్టినప్పుడు, పొడుగ్గా ఉన్నానని డ్రిల్లు మాస్టారు నన్ను తీసుకెళ్ళి గోల్ ముందు నిలబెట్టారు. కోత అయిపోయిన మడిలో, కొయ్యకాళ్ళ మీద ప్రాక్టీసు. తర్వాత విజయనగరంలో డిగ్రీ, జిల్లా జట్టు. ఎక్కడికి వెళ్ళినా నా చోటు అదే, వెనక వరసలో మధ్యన.

డిఫెండర్ పని సగం కాళ్ళతో, సగం నోటితో. ముందు ఆడేవాళ్ళకి వెనక ఏం జరుగుతోందో కనిపించదు. మనకి మైదానమంతా కనిపిస్తుంది. అందుకని అరుస్తూనే ఉండాలి. ఎవరు వెళ్ళాలి, ఎవరు ఆగాలి, బంతిని ఎవరు ముట్టుకోకూడదు. ఆలోచించి అరిచే వ్యవధి ఉండదు. పుట్టినప్పటినుంచీ నోట్లో ఉన్న మాటే వస్తుంది.

నాకూ అదే వచ్చింది. రాష్ట్ర క్యాంపులో చివరి సెలక్షన్ మ్యాచ్. అది చూసి జాతీయ పోటీలకు ఇరవైమందిని తీసుకుంటారు. రాష్ట్రానికి ఆడిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే స్పోర్ట్స్ కోటాలో గవర్నమెంటు ఉద్యోగానికి ఒక దారి ఉంటుంది. నేను ఆ క్యాంపుకి వెళ్ళింది ఆ కాగితం కోసమే. ఆట మీద ప్రేమ లేదని కాదు. ప్రేమ ఒక్కటే ఉంటే మా నాన్న పంపేవాడు కాదు.

ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా కుడివైపునుంచి మా గోల్ ముందుకి నేలబారుగా ఒక క్రాస్ వచ్చింది. మా గోల్‌కీపర్ అప్పటికే ముందుకొచ్చి చేతులు చాపి ఉంది. బంతి నేరుగా ఆమె దగ్గరికే పోతోంది. దారిలో నా జోడీ డిఫెండర్ ఉంది, గుంటూరు వైపు అమ్మాయి. నేను వెనకనుంచి "ఒగ్గీ" అని గట్టిగా అరిచాను. మా వైపు ఒగ్గీ అంటే వదిలెయ్యమని. చెయ్యి ఒగ్గీ, గొడవ ఒగ్గీ, ఆ పిల్లని ఒగ్గీ అని రోజుకి వందసార్లు అంటాం. ఆ అమ్మాయి వైపు ఒగ్గడమంటే చాపడం. దోసిలి ఒగ్గుతారు, తల ఒగ్గుతారు. ఆమె విన్నది విన్నట్టు చేసింది. కాలు ఒగ్గింది. బంతి ఆమె బూటుకి తగిలి, దారి మారి, కీపర్ పక్కనుంచి మా గోల్లోకే పోయింది.

"నువ్వే కదా ఒగ్గమన్నావు?" అంది ఏడుపు మొహంతో. ఆమె మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు.

ఆట అయ్యాక కోచ్ అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి నన్ను మధ్యలో నిలబెట్టాడు. ఏమన్నావో మళ్ళీ అనమన్నాడు. అన్నాను. ఇంకోసారి అనమన్నాడు. మూడోసారికి అందరూ నవ్వడం మొదలుపెట్టారు. మా వైపు దానికి అర్థం వేరు సార్ అని చెప్పబోయాను. అతను చెయ్యెత్తి ఆపాడు.

"ముందు తెలుగు నేర్చుకుని రామ్మా. ఫుట్‌బాల్ సంగతి తర్వాత చూద్దాం."

క్యాంపు ముగిసేదాకా నా పేరు ఒగ్గీయే. భోజనాల దగ్గర అదే, బస్సులో అదే. జాబితాలో గుంటూరు అమ్మాయి పేరుంది. నా పేరు లేదు.

ఆట చూసి తీసేసి ఉంటే సహించేదాన్ని. సొంత గోల్ పడని డిఫెండర్ ఎవరూ ఉండరు. అతను ఆట గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు అతనికి నా మనసులో రకరకాల శిక్షలు వేశాను. అన్నిటికంటే ఇష్టమైనది ఇది: భాష తెలియని రాష్ట్రంలో, రైలు కదిలే ముందు, అతను మందుల షాపు ఎక్కడో అడగాలి. నోరు తెరిస్తే ఎవరికీ అర్థం కాదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకోసారి అనమంటారు. నేను పక్కనే నిలబడి, షాపు ఎక్కడుందో తెలిసీ, వేరుశనక్కాయలు తింటూ ఉంటాను.

భువనేశ్వర్ క్లబ్బు నన్ను తీసుకున్నప్పుడు భాష గురించి ఎవరూ అడగలేదు. వెనక వరసలో ముగ్గురు ఒడియా అమ్మాయిలు, నేను. వాళ్ళు వదిలెయ్యడాన్ని ఛాడ అంటారు. అది అవతలి జట్టుకీ తెలుసు. అక్కడి కోచ్ మా నలుగురికే అర్థమయ్యే మాట ఒకటి ఎంచుకోమన్నప్పుడు నేను చప్పున ఒగ్గీ అన్నాను. వాళ్ళలో బరంపురం అమ్మాయి ఫక్కున నవ్వింది, వాళ్ళ పక్కింటి తెలుగు ముసలమ్మ కోళ్ళని తోలుతూ రోజూ అదే అంటుందట. మాట ఖాయమైంది. రెండు సీజన్లు అదే మాట మీద ఆడాం.

ఆ తర్వాత మా బావతో పెళ్ళి. బావ విజయనగరంలో బైకుల షోరూంలో పనిచేస్తాడు. పాప పుట్టింది. పాపకి ఎనిమిదో నెలలో నేను మళ్ళీ పరిగెత్తడం మొదలుపెడితే నడుము కింద ఎముకలు ఎవరివో తెచ్చి బిగించినట్టు ఉండేది. ఇంతలో మా క్లబ్బు విజయనగరంలో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఒప్పుకుంది. అవతలి జట్టుకి కోచ్ అతనే. స్నేహపూర్వకం అనే మాట చూసి నవ్వొచ్చింది.

ఆ రోజు పాపకి పాలిచ్చి, అమ్మకి అప్పగించి, జెర్సీ లోపల పాల తడికి రెండు మడతల గుడ్డ పెట్టుకుని దిగాను. అతను గీత పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూశాడు. గుర్తుపట్టాడో లేదో తెలియనివ్వలేదు. మొదటి ఐదు నిమిషాల్లోనే ఒక పొడుగు బంతి వచ్చింది. బరంపురం అమ్మాయి "ఒగ్గీ" అంది. నేను వదిలేశాను, కీపర్ పట్టుకుంది. గట్టు మీద కూర్చున్న జనం ఘొల్లుమన్నారు. ఒడియా పిల్లల నోట మా మాట. ఇక అక్కడినుంచి బంతి మా వైపు వస్తే చాలు, కాలేజీ పిల్లలు, ఆటోవాళ్ళు, అందరూ మాతో కలిసి అరిచారు. ఒక పెద్దాయన అయితే ఆగకుండా నాకు సలహాలిచ్చాడు.

"ఒగ్గీ పాపా, ఒగ్గీ. అది బయటికెల్లిపోతాది. నీకెందుకు ఆయాసం."

మైదానం మొత్తంలో ఆ మాట అర్థం కానివాడు అతనొక్కడే. సగం ఆటకి కుర్చీలోంచి లేచి, పక్కనున్న స్థానికుణ్ణి ఏదో అడగడం చూశాను. ఆ స్థానికుడు చేత్తో వదిలేసినట్టు చూపించాడు. అతను తల ఊపి మళ్ళీ కూర్చున్నాడు. నాలుగేళ్ళనుంచి నేను ఎదురుచూసింది ఆ తల ఊపుడు కోసమే అనుకుంటాను. కానీ అది సరిపోలేదు. గోల్ లేకుండా ఆట ముగిసింది. డిఫెండర్‌కి అంతకంటే మంచి స్కోరు లేదు. అదీ సరిపోలేదు.

పదిరోజుల తర్వాత ఫోన్ చేశాడు. ఈసారి జాతీయ పోటీలకు వెళ్ళే రాష్ట్ర జట్టు అతని చేతిలోనే ఉంది. వెనక మధ్యన ఆడే స్టాపర్‌కి మోకాలు పోయిందట. నన్ను మర్చిపోలేదని, నా ఆట పండిందని అన్నాడు. ఎల్లుండి క్యాంపులో ఉండాలన్నాడు. నాకు ఇరవయ్యారు. ఆ కాగితం నా చేతికి రావడానికి ఇదే ఆఖరి దారి అని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. వస్తానని చెప్పబోయి, అతనితో ఎప్పుడూ మాట్లాడే పుస్తకాల తెలుగు వదిలేశాను.

"వస్తాను సార్. ఒక్క మాటుంది. మొదటిరోజు అందరి ముందూ ఒగ్గీ అంటే ఏటో మీరు సెప్పాల."

అతను విసుక్కున్నాడు.

"ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా? ఆడ్డానికి వస్తావా, క్షమాపణ చెప్పించుకోడానికి వస్తావా?"

"క్షమాపణ అడగనేదు సార్. అర్థం సెప్పమన్నాను."

షరతులు పెట్టే వయసు నీది కాదు, ఆలోచించుకుని రేపటిలోగా ఫోన్ చెయ్యి అని పెట్టేశాడు.

బావ మంచివాడు. అందుకే మెల్లగా చెప్పాడు. ఒక్క మాట మింగితే పోయేదేముంది, ఆ కాగితం పాప బతుకు కదా అన్నాడు. బావ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అమ్మ పాపని కాళ్ళమీద వేసుకుని నూనె రాస్తోంది. ఇన్నాళ్ళూ నాకు కోచ్ మీద పగ ఉందని ఆమెకు తెలుసుగాని, ఎందుకో పూర్తిగా తెలియదు. ఆ రోజే చెప్పాను. తెలుగు నేర్చుకుని రమ్మన్నాడని చెప్పాను.

అమ్మ చెయ్యి ఆగింది.

"నాను కదే నీకు మాటలు నేర్పింది?" అంది.

అంతే. మళ్ళీ పాప వీపు రుద్దడం మొదలుపెట్టింది. ఫోన్ చెయ్యమనలేదు, వద్దనలేదు. ఆ రోజు గడిచింది. మర్నాడు సాయంత్రం దాకా ఫోన్ నా ఒళ్ళోనే ఉంది. అతను చేస్తాడేమోనని కూడా చూశాను. ఒప్పుకుంటాడని కాదు, ఇంకోసారి అడిగితే ఇంకోసారి కాదనొచ్చని.

జాబితా వచ్చింది. ఎవరో ఫోటో తీసి పంపారు. నా చోట ఒక కొత్త అమ్మాయి, శ్రీకాకుళం జిల్లాదే. రెండుసార్లు చదివాను. బాత్రూంలోకి వెళ్ళి నీళ్ళు వదిలి ఏడ్చాను. పశ్చాత్తాపం లేదని రాస్తే అబద్ధం. పాప స్కూలు, చదువు, నా మోకాళ్ళు ఎన్నేళ్ళు ఆగుతాయి, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆ జట్టు మొదటి ఆటలోనే ఓడిపోవాలని కోరుకున్నాను. మా పక్క జిల్లా పిల్ల అందులో ఉందని తెలిసీ కోరుకున్నాను. గెలిచారు. ఆ పిల్ల బాగా ఆడిందట.

అతను మళ్ళీ ఫోన్ చేస్తే మళ్ళీ అదే షరతు పెడతాను. చెయ్యడు. వచ్చే సీజన్లో లీగ్‌లో అతని జట్టుతో మాకు రెండు మ్యాచులున్నాయి, ఒకటి వాళ్ళ ఊళ్ళో, ఒకటి భువనేశ్వర్‌లో. ఆ రెండు తేదీలూ నాకు నోటికి వచ్చు. పాప టీకాల తేదీలు మాత్రం కార్డు తీసి చూస్తేగాని చెప్పలేను.