రావొద్దన్న రోజు

ఈ ఉదయం మా వరండాలో ఇద్దరు ఫ్రెంచి ఆడవాళ్ళు బ్యాగులు దించి, సీసాలోంచి తెల్లటి లోషన్ పిండుకుని ముఖాలకూ మెడలకూ దట్టంగా పట్టించారు. కొబ్బరినూనె, నిమ్మగడ్డి, కొత్త ప్లాస్టిక్ కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఎస్తేరమ్మ గుర్తొచ్చింది. నవ్వూ వచ్చింది. ఆ లోషన్ సీసా కనబడినప్పుడల్లా ఆమె ఒకే మాట అనేది. "ఎండ కావాల్నని సముద్రాలు దాటి వస్తరు. వచ్చినంక ఎండ తగలొద్దని సున్నం పూసుకుంటరు. ఏం మనుషులో పాపం." అలా అంటూనే వంటింట్లోకి వెళ్ళి వాళ్ళ కోసం మజ్జిగ చిలికేది. ఎంత వెక్కిరించేదో అంత మర్యాద చేసేది. ఏది ముందో ఏది వెనకో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్ల చుక్కల నేత చీర, కొంగు నడుముకు దోపుకుని ఉండేది. చాలా ఏళ్ళు మిషన్ దవాఖానాలో అతిథి గదులు చూసుకుంది. విదేశాల నుంచి వచ్చే డాక్టర్లకు వండిపెట్టి, వాళ్ళు కారం తినలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే పెరుగు పెట్టి ఓదార్చి, ఆ ఓదార్పులోనే వంటింటికి సరిపడా ఇంగ్లీషు నేర్చుకుంది. దవాఖానావాళ్ళు ఆ గదులు మూసేశాక, భద్రాచలం రోడ్డు మీద అడవి మొదలయ్యే చోట తన ఇంటి వెనక నాలుగు గదులు కట్టుకుంది. మొదట్లో పాత డాక్టర్ల చుట్టాలూ స్నేహితులూ వచ్చేవారు. తర్వాత ఎవరో గోదావరి మీద పడవలో తీసిన ఫోటోలు ఫోన్లలో ప్రపంచమంతా తిరిగాయి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు రావడం మొదలైంది. తెల్లవాళ్ళు కనబడితే పిల్లలు గుంపుగా వెంటపడే రోజులు పోయాయి. టీకొట్టు మల్లయ్య కూడా వాళ్ళను చూడగానే "నో షుగర్?" అని అడగడం నేర్చాడు. రోడ్డు వెడల్పయింది, దాని పక్కన ఏసీ గదుల రిసార్టులు లేచాయి.

నేను జూలూరుపాడు పిల్లను. మా నాన్న పత్తి రైతు. డిగ్రీ అయ్యాక, ఇంగ్లీషు వచ్చిన ఆడపిల్ల కావాలట అని ఎవరో చెబితే ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్ళాను. బస్సులో దారి పొడవునా రామాలయం గురించి, గోదావరి గురించి, పాపికొండల గురించి ఇంగ్లీషులో బట్టీపట్టాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి గడప బయటికి వెళ్ళి నిలబడింది. "నేను విదేశపామెను అనుకో. ఇప్పుడే బస్సు దిగిన. ఏం చేస్తవో చెయ్యి" అంది. నేను గుక్క తిప్పుకోకుండా అందుకున్నాను. ఆమె ఎండలో నిలబడి కదలకుండా విన్నది.

"అయిపోయిందా?" అంది చివరికి.

"అయిపోయింది మేడమ్."

"ఇప్పుడన్న మంచినీళ్ళిస్తవా, రేపిస్తవా?"

వంటిల్లు ఎటుందో తెలియకుండానే లోపలికి పరుగెత్తాను. ఆమె నీళ్ళు తాగి గ్లాసు నా చేతికిస్తూ, "ఇంగ్లీషు మంచిగుంది. రేపటి సంది రా. మేడమ్ గీడమ్ అనకు, అమ్మా అను చాలు" అంది. ఆ రోజు నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. ఎవరైనా వస్తే ముందు వాళ్ళకేం కావాలో చూడాలని, మనకేం వచ్చో చూపించుకోవడం తర్వాత అని తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది.

నేను చేరిన రెండో ఏడు హైదరాబాదు నుంచి ఒక పెద్ద ట్రావెల్ కంపెనీ మేనేజరు వచ్చాడు. చలికాలమంతా తమ విదేశీ గ్రూపులను ఎస్తేరమ్మ గదుల్లోనే దింపుతానన్నాడు. షరతు ఒకటే: ప్రతి గ్రూపుకూ అడవిలోని ఒక కోయ ఊరు చూపించాలి, మధ్యాహ్నం భోజనం అక్కడే జరగాలి. ఆ మాట ఆమెకు ఎంత ఆసరానో నాకు తెలుసు. రిసార్టులు వచ్చాక మా గదులు వారాల తరబడి ఖాళీగా ఉంటున్నాయి. ఆ చలికాలం కూడా అలాగే గడిస్తే తలుపులు మూసుకోవడమే. నేను తిరిగి జూలూరుపాడు వెళ్ళి పత్తి ఏరుకోవడమే. అయినా ఆమె వెంటనే సరేననలేదు. "ఊరోళ్ళను అడిగి చెప్త సార్" అంది.

అడవిలోపలి ఊరిలో ముత్తమ్మ ఉండేది. తొలి కాన్పుకు దవాఖానాకు వచ్చినప్పటి నుంచి ఎస్తేరమ్మకు స్నేహితురాలు. ఊరి పెద్దలు కూడా ముత్తమ్మ మాట వినకుండా ఏదీ తేల్చరు. ఎస్తేరమ్మ వెళ్ళి మేనేజరు అడిగిన సంగతి ముత్తమ్మవాళ్ళకు చెప్పింది గానీ, జవాబు అప్పుడే అడగలేదు. "ముందు మీరు యాత్రకు రాండ్రి, తర్వాత మాట్లాడుదాం" అని వ్యాను మాట్లాడి ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ కలిపి తీసుకొచ్చింది. మా గదుల్లోనే దింపింది. విదేశీయులకు పెట్టినట్టే తువ్వాళ్ళు, సబ్బులు, పొద్దున్నే కాఫీ పెట్టించింది. ముత్తమ్మ మంచం మీది తెల్ల దుప్పటి నలుగుతుందని రాత్రంతా కింద పడుకుందట. గోదావరి మీద పడవెక్కించాం. మర్నాడు కుసుమంచి గణపేశ్వరాలయానికి తీసుకెళ్ళాం.

అక్కడే జరిగింది. పాత రాతి గుడి ముందు మావాళ్ళు తలెత్తి చూస్తుండగా, విహారానికి వచ్చిన కాలేజీ పిల్లలు కొందరు చుట్టూ చేరారు. ముత్తమ్మ మెడలోని పూసల దండలను, చెవుల నిండా ఉన్న కమ్మలను ఫోన్లలో తీశారు. ఒకమ్మాయి అడగనైనా అడగకుండా ముత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి నవ్వుతూ సెల్ఫీ తీసుకుంది. ముత్తమ్మ కొంగు కప్పుకుని వచ్చి వ్యానులో కూర్చుంది. నాకు ఒళ్ళు మండి ఆ పిల్లల మీదికి వెళ్ళబోతే ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

తిరుగు దారిలో వ్యాను మా జూలూరుపాడు దాటింది. అప్పుడు ముత్తమ్మ అడిగింది. "అక్కా, మా ఊరికొచ్చేటోళ్ళు గూడ గట్లనే చూస్తరా?"

"అవ్. కొందరు గట్లనే చూస్తరు. అది నీకు ఎరుక కావాల్ననే తోల్కొచ్చిన. వద్దంటే ఇప్పుడే వద్దను. నేనేమనుకోను."

ఒక్క 'వద్దు' చాలు, మా పని అయిపోయినట్టే. ముత్తమ్మ పక్కనున్నవాళ్ళతో కోయ భాషలో చాలాసేపు మాట్లాడింది. "రానియ్యి" అంది చివరికి. "మాతోటి కింద కూసొని తిననియ్యి. అడగకుండ ఫోటో తియ్యొద్దు. మేము రావొద్దన్న రోజు మాత్రం రావొద్దు."

"గట్లనే" అంది ఎస్తేరమ్మ. అదే ఒప్పందం.

ఆ చలికాలం బాగా మొదలైంది. వచ్చినవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకుని చాపల మీద కూర్చున్నారు. ఒక జర్మన్ పెద్దాయన మోదుగాకులతో విస్తరి కుట్టబోయి పుల్లలన్నీ విరగ్గొడితే, ముత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ వంకర విస్తరిలోనే ఆయనకు అన్నం వడ్డించింది. మా గదులన్నీ నిండాయి. ఎస్తేరమ్మ ఇంటికి రంగు వేయించే మాట కూడా ఎత్తింది.

అప్పుడే మేనేజరు తనే వెంట ఉండి ఒక పెద్ద గ్రూపును తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే, అందరూ టోపీలు పెట్టుకుని బస్సెక్కబోతుండగా ఊరి నుంచి ఒకతను మోటారు సైకిలు మీద వచ్చి, "ఇయ్యాల మాకు కొత్తలు. రావొద్దని చెప్పమన్నది ముత్తవ్వ" అన్నాడు. కొత్త పంట చేతికొచ్చాక దాన్ని ముందు చనిపోయిన పెద్దలకు పెట్టుకునే పండుగ కొత్తలు. అది అయ్యేదాకా ఆ ఊళ్ళో ఎవరూ కొత్త గింజ ముట్టరు, ఆ రోజు బయటివాళ్ళు ఊళ్ళో అడుగు పెట్టకూడదు. ఎప్పుడన్నది క్యాలెండరులో ఉండదు. పంట చూసి ఊరి పూజారి చెప్పాలి. కంపెనీ తేదీలేమో ఎన్నో నెలల ముందే ఖాయమైనవి.

మేనేజరు ముఖం వెలిగిపోయింది. "పండగ దొరకడమంటే లక్కు కదమ్మా! గ్రూపు ఎగిరి గంతేస్తుంది. ఒక్క రెండు గంటలు చాలు" అన్నాడు.

"రావొద్దన్నరు సార్."

"నేను వచ్చి నచ్చజెప్తాను."

"నచ్చజెప్పెటందుకు వాళ్ళేమన్న తప్పు జేసిన్రా?"

అతను ఆమెను వదిలి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా వాళ్ళకు. దారిలో చెట్టు పడింది, బస్సు పోదు అని చెప్పు. ఎవరూ ఏమీ అనుకోరు." నిజానికి నాకు అది మంచి ఉపాయంగానే తోచింది. ఎవరికీ నొప్పి లేదు, కంపెనీ చేజారదు. ఎస్తేరమ్మ మాత్రం నా ముందుకొచ్చి నిలబడింది.

"చెట్టు పడలే బిడ్డా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఊరోళ్ళు ఈ రోజు రావొద్దన్నరు, అందుకే మనం పోతలేము అని."

"ఆ మాట చెబితే మా గ్రూపులు ఇక ఇటు రావు. ఆలోచించుకోండి" అన్నాడు మేనేజరు.

ఆమె అతన్ని చూడలేదు. "చెప్పు సుజాతా" అంది.

చెప్పాను. ఒకావిడ విసుగ్గా టోపీ తీసేసి బస్సెక్కి కూర్చుంది. ఇంకొకాయన ఇంత దూరం దీనికోసమా వచ్చింది అన్నాడు. చివరికి ఒక రిటైర్డ్ టీచరమ్మ, మరి ఈ రోజు మేమేం చేయాలి అని అడిగింది. ఎస్తేరమ్మకు నేను తెలుగులో చెప్పేలోపే అర్థమైంది. "చిక్కుడుకాయలు ఒలవాలె. ఇన్ని చేతులుంటే జల్దీ అయితది" అంది. సగం మంది వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలిచారు. మేనేజరు భోజనం ముట్టకుండా ఫోనులో మాట్లాడుతూ పెరట్లో తిరిగాడు.

ఆ తర్వాత అతని గ్రూపు ఒక్కటి కూడా రాలేదు. దుప్పట్లు మడతలు విప్పకుండానే మిగిలిన చలికాలం వెళ్ళిపోయింది. నాకు కోపం వచ్చింది. "ఒక్క అబద్ధం చెప్తే ఏమయ్యేదమ్మా?" అని అడిగేశాను. ఆమె బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"చెట్టు పడ్డదంటే, రేపు తీసేసిన్రా అని అడుగుతరు. తీసేసినమంటే పోతరు. వద్దన్నరు అంటే, వద్దు అనేది వాళ్ళ చేతుల ఉన్నదని తెలుస్తది. మన మందిరంల ప్రార్థన నడుస్తుంటే ఎవడన్న కెమెరా పట్టుకొని వస్తే నువ్వు రానిస్తవా, నేను రానిస్తనా?"

నేను చర్చికి వెళ్ళే మనిషిని కాదని ఆమెకు తెలుసు. అయినా 'మన' అంది.

గదులు మూయలేదు. పెళ్ళిళ్ళకూ చర్చి విందులకూ ఇద్దరం కలిసి వంటలు చేశాం. నన్ను వెళ్ళిపొమ్మని ఆమె ఎన్నడూ అనలేదు, వెళ్తానని నేనూ అనలేదు. మరుసటి ఏడు ఆ టీచరమ్మ చెల్లెలు వచ్చింది, తర్వాత ఆమె స్నేహితులు. ఆ రోజు టీచరమ్మవాళ్ళు ఊళ్ళోకి ఎందుకు వెళ్ళలేకపోయారో విని వచ్చినవాళ్ళు వాళ్ళంతా. పెద్ద గ్రూపులు మళ్ళీ రాలేదు గానీ, ఒకరిద్దరు చొప్పున వచ్చేవాళ్ళతోనే మాకు సరిపోయింది.

ఎస్తేరమ్మకు మోకాళ్ళు పట్టేసి నడక తగ్గిన ఏడు, ముత్తమ్మ తనే బస్సెక్కి వచ్చింది. "అక్కా, ఈ ఏడు కొత్తలకు నువ్వు రావాలె. ఊరి పెద్దలను గూడ అడిగిన, రమ్మన్నరు. నువ్వు బయటిదానివి కావు" అంది. ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ముత్తమ్మ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది.

"పిలిచినవ్. నాకు గంతే చాలు. నేను రాను ముత్తమ్మా."

"ఏందక్కా? నడవలేనంటే జీపు ఉన్నది గద."

"జీపు గురించే రానంటున్న. ఇయ్యాల నేనొస్త. పై ఏడు ఈ పిల్ల వస్తది. ఎస్తేరమ్మ పోలేదా, సుజాత పోలేదా అని వచ్చేటోళ్ళు అంటరు. మా ఎన్కనే జీపు వస్తది, దాని ఎన్క బస్సు."

ముత్తమ్మ తిరుగు బస్సెక్కింది. కొత్తలు అయిపోయిన మర్నాడు కొత్త బియ్యం, కొత్త చిక్కుళ్ళు మూటగట్టుకుని వచ్చింది. తనే వండింది. ముగ్గురం నేల మీద కూర్చుని తిన్నాం. ఊళ్ళో ఏం జరిగిందని ఎస్తేరమ్మ అడగలేదు, ముత్తమ్మ చెప్పలేదు. ఇద్దరూ వంకాయల ధర గురించి, మల్లయ్య కూతురి పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు. ఎవరైనా అంత హాయిగా తినడం నేను చూడలేదు.

ఆ తర్వాతి వేసవిలో ఎస్తేరమ్మ పోయింది. ఇప్పుడు గదులు నేనే చూసుకుంటున్నాను. నాకు తిండి పెట్టిన పని, నలుగురి ముందు నిజం చెప్పే నోరు, అన్నీ ఆమె ఇచ్చినవే. అందుకు ఆమెకు చేతులెత్తి దండం పెట్టని రోజు లేదు. కొత్తల వేళకు ముత్తమ్మ ఏటా నన్ను పిలుస్తుంది, నేను ఏటా రానంటాను, పండుగ మర్నాడు ఆమె కొత్త బియ్యం తెస్తుంది. వచ్చిన విదేశీయులు తరచుగా అడుగుతుంటారు, ఇన్నేళ్ళుగా ఇక్కడున్నావు కదా, ఆ పండుగ ఎలా ఉంటుంది అని. నాకు తెలియదు, చూడలేదు అంటాను. నమ్మలేనట్టు చూస్తారు. రమ్మని పిలిచినా ఎస్తేరమ్మ కూడా చూడలేదని చెప్తాను.