ఎల్వెడ్ ఈల

హెండ్రె ఇద్వాల్‌కు మాటలు తక్కువ, మొండితనం ఎక్కువ. హెండ్రె అతని పొలం పేరు. ఆ వేల్స్ కొండల్లో మనుషులకు పొలం పేరే ఇంటిపేరు. లోయకు అవతల బ్రిన్ పొలంలో ఎల్వెడ్ ఉండేవాడు. వయసులో ఉన్నప్పటినుంచీ ఇద్దరూ గొర్రెకుక్కల పోటీల్లో పంతం పట్టి తలపడేవారు.

ఒక చలికాలం హెండ్రె మందంతా మంచులో కూరుకుపోతే, ఎల్వెడ్ తన కుక్కతో కొండెక్కి ఒక్కో గొర్రెనూ తవ్వి బయటికి లాగాడు. ఆ వేసవిలోనే అదే కుక్కతో ఇద్వాల్‌ను చిత్తుగా ఓడించి, టీ డేరాలో పదిమంది ముందు ఆటపట్టించాడు. ఆ మేలుకూ ఈ ఓటమికీ కూడా ఎల్వెడ్‌కు రుణపడ్డాననే ఇద్వాల్ అనుకునేవాడు. అలాంటి స్నేహితుడు అందరికీ దొరకడు.

ఈ వసంతంలో ఎల్వెడ్ పోయాడు. మందను అతని భార్య నెస్తా ఎలాగో నెట్టుకొస్తోంది గానీ, అతని కుక్క మోట్ ఆమె మాట వినడం లేదు. ఎల్వెడ్ వేళ్ళు నోట్లో పెట్టి వేసే ఈల ఒక్కటే ఆ కుక్కకు తెలిసిన భాష. నెస్తా ఈల వేస్తే తల తిప్పి ఇంటివైపు చూస్తుంది. పనిలేని గొర్రెకుక్క చెడిపోతుంది. ఇంగ్లండ్ నుంచి ఒకాయన కొనుక్కుంటానన్నాడు. ఆగస్టు పోటీలోనూ మోట్ ఇలాగే చేస్తే ఇచ్చేస్తానని నెస్తా మాట ఇచ్చింది.

నెస్తా వంటింట్లో ఆ సంగతి విన్న ఇద్వాల్ తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు.

"ఏదీ, ఆగమనే ఈల ఒకసారి వెయ్యి," అన్నాడు.

నెస్తా వేసింది.

"అది కాదు. నువ్వు తిన్నగా పోనిస్తున్నావు. వాడు చివర్న కిందికి దించేవాడు, అలిసిపోయినట్టు."

"కాపురం చేసింది నేనా, నువ్వా? నాకు తెలియంది నీకెలా తెలుసు?"

"నువ్వు ఏదో పనిలో ఉండి విన్నావు. నేను ఓడిపోతూ విన్నాను. ఎక్కడ తప్పుతాడా అని చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి. ఏ ఒక్కసారీ తప్పలేదు, దొంగసచ్చినోడు."

నెస్తా నవ్వింది, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాటినుంచి సాయంత్రంపూట పాఠం. ఇద్వాల్‌వి కట్టుడు పళ్ళు. వేళ్ళు పెట్టి ఈల వేయబోతే పళ్ళు ఊడి చేతిలోకొస్తాయి. తన కుక్కకైతే రేకు ఈల ఊదుతాడు, ఆ దింపుడు దానిలో పలకదు. అందుకని గొంతుతో కూనిరాగం తీసి చూపించేవాడు, నెస్తా వేళ్ళతో పట్టుకునేది. ఒకరోజు మోట్ వినేది, మర్నాడు మళ్ళీ ఇంటివైపు చూసేది.

"నీమీద పోటీకొచ్చే మనిషికి నువ్వే నేర్పుతున్నావట. మతిగానీ పోయిందా?" అని అడిగాడు పక్క పొలం తెగిద్.

"పోయింది. నీకెక్కడైనా కనిపిస్తే తెచ్చివ్వు," అన్నాడు ఇద్వాల్.

పోటీ రోజున ఇద్వాల్ కుక్క చక్కగా చేసింది. మధ్యాహ్నానికి కప్పు అతనిదేనని అందరూ ఖాయం చేసేశారు. చివరగా నెస్తా వచ్చింది. ఇంగ్లండ్ ఆయన కారుకు ఆనుకుని చూస్తున్నాడు.

మోట్ కొండ చుట్టివెళ్ళి గొర్రెలను బాగానే తెచ్చింది. చిక్కంతా చివర్న వాటిని తోలాల్సిన దొడ్డి దగ్గరే వచ్చింది. తలుపు తాడు వదలకుండా నెస్తా అక్కడే నిలబడాలి, గొర్రెను చేత్తో తాకకూడదు. గొర్రెలు తలుపు ముందు బిగుసుకున్నాయి. మోట్ ఒక్క అడుగు తొందరపడితే చెదిరిపోతాయి. ఇద్వాల్ మైదానానికి వీపు తిప్పి గోడవైపు నిలబడ్డాడు.

"నేర్పి, చూడలేకపోతున్నావా?" అన్నాడు తెగిద్.

"నోర్ముయ్. వింటున్నాను."

ఈల వచ్చింది. చివర్న అలిసిపోయినట్టు కిందికి దిగింది.  ఇద్వాల్ వెనక్కి తిరిగేసరికి మోట్ గడ్డిలో పొట్ట ఆనించి పడుకుంది, కళ్ళు గొర్రెల మీదే. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి దొడ్డిలోకి నడిచాయి.

ఒక్క మార్కు తేడాతో కప్పు నెస్తాకు వెళ్ళింది. ఇంగ్లండ్ ఆయనతో కుక్కను అమ్మనని చెప్పేసి, ఆమె నేరుగా ఇద్వాల్ దగ్గరికి వచ్చింది. మోట్ ఆమె కాళ్ళకు రాసుకుంటూ నడుస్తోంది.

"నువ్వే నేర్పావు, నీ కప్పే లాక్కున్నాను. కోపమొచ్చిందా?"

ఇద్వాల్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. 

"కోపమెందుకు నెస్తా? మళ్ళీ వాడి చేతిలో ఓడిపోతానని అనుకోలేదు," అన్నాడు.