అవ్వ ఫోటో, నాలుగు చందమామలు

మొన్న బీరువా సర్దుతుంటే పాత చీరల అడుగున నల్లటి ఫిల్ము డబ్బీ దొరికింది. మూత తీయగానే వచ్చిన ఆ ఘాటు మందు వాసనకు నా గుండె పన్నెండేళ్ల పిల్ల గుండెలా కొట్టుకుంది.

తొంభైల మొదట్లో, చంద్రగిరిలో, వానలు వెనకబట్టి మిద్దె మీద ఆరబోసిన వేరుశనక్కాయల మట్టి వాసన ఇల్లంతా కమ్ముకున్న కార్తీక మాసమది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని జీవితమంతా నాయన కెమెరాకు ముఖం చాటేసిన మా అవ్వ, కడుపులో గడ్డకు ఆపరేషనని మద్రాసు బయలుదేరే పొద్దు, తనంతట తానే వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"తీయి నాయనా. మళ్లా వస్తానో, రానో."

నాయన ఒక్కటే తీశాడు. రీల్లో ఇంకా నాలుగు మిగిలాయి.

అవ్వ, నాయన మద్రాసు వెళ్లిన మర్నాడు పౌర్ణమి. కొబ్బరి చెట్ల మీదికి చంద్రుడు రాగానే కెమెరాతో మిద్దెక్కి, బోర్లించిన గంప మీద దాన్ని ఆనించి, చీకట్లో కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉంచితే అంత బాగా పడుతుందనుకుని, ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టాను. అలా నాలుగుసార్లు. అయిదోసారికి రీలు తిప్పే మీట కదల్లేదు. ఏమయిందో చూద్దామని కిందికొచ్చి, ట్యూబులైటు కింద, కెమెరా వెనక తలుపు లాగేశాను. నిగనిగలాడే ఫిల్ము కనబడ్డాక గాని, వెలుతురు తగిలితే అంతా కాలిపోతుందన్న నాయన మాట గుర్తు రాలేదు. టక్కున మూసి, అమ్మకు చెప్పకుండా దాచేశాను.

మూడు రోజులు ఎదురింటి ఫోను మోగినప్పుడల్లా వాకిట్లోకి పరుగెత్తాను. "ఆపరేషనయింది. ఇంకా కండ్లు తెరవలేదంట" అని అమ్మ వచ్చి చెప్పింది. అవ్వకున్న ఒక్క బొమ్మనూ నేనే కాల్చేశానని ఆ రాత్రి అన్నం కంచంలోనే వదిలేసి లేచాను.

నాలుగో రోజు కెమెరాను పుస్తకాల సంచిలో పెట్టుకుని, బడి నుంచి నేరుగా ఫోటో స్టూడియోకు పోయి, జరిగింది చెప్పాను.

"యాడ తెరిస్తివి మా?" అన్నాడు స్టూడియో పెద్దాయన.

"లైటు కింద."

ఆయన కెమెరా అందుకుని చీకటి గదిలోకి వెళ్లాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఎంతసేపటికో తడి ఫిల్ము పట్టుకుని బయటికొచ్చాడు. చివరి నాలుగూ నల్లగా మాడిపోయాయి. వాటి ముందుదాంట్లో నలుపు అంచు నుంచి పాకి, అవ్వ భుజం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఈ నాలుగూ పైన సుట్టుకోనుండబట్టి లోపల ఈమె మిగిలింది. ఏం తీసినావు ఈట్లో?"

"చందమామను. పది లెక్కపెట్టి."

"సెంద్రుడు ఎండలో ఉండే రాయి మా. పగలు తీసినట్టే సటుక్కున తీయాల."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

అవ్వ తిరిగొచ్చి, ఇంకో పదకొండేళ్లు బతికింది. నాయనకు నిజం చెప్పేశాను. తర్వాత కొత్త రీలు కొనిచ్చాడు. అందులో మిరియపు గింజంత చంద్రుడు పడ్డాడు. అవ్వ మాత్రం మళ్లీ కెమెరా ముందుకు రాలేదు. "ఒగసారి తప్పించుకుంటి, సాల్లే" అనేది.

ఇప్పుడు చంద్రుడి మీది గుంటలు కూడా తెర మీద వెంటనే కనిపిస్తాయి. నచ్చకపోతే చెరిపేసి మళ్లీ తీస్తాను. ఆ స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. ఒక ముఖం మిగిలిందో లేదో తెలియక గుమ్మం దగ్గర నిలబడాల్సిన పని ఇప్పుడు ఏ పిల్లకూ లేదు.