మొగిలి ఘాట్‌లో భయం

పలమనేరులో చిత్తూరు బస్సు ఎక్కేటప్పటికి బాగానే ఉన్నాను. మొగిలి ఘాట్ దిగుతుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇంకో నిమిషంలో చచ్చిపోతాననిపించింది. అంతకు ముందు రెండుసార్లు ఇలాగే అయితే డాక్టర్లు ఈసీజీ తీసి, గుండెకేమీ లేదని పంపించేశారు. వాళ్లే పొరబడ్డారనుకున్నాను. బస్సు ఆపించాలని లేచాను.

పక్క సీట్లోని పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఇంతకు ముందు వచ్చిండాదా ఇట్ల? డాక్టరు గుండె సూసినాడా?”

“చూసినాడమ్మా. ఏం లేదన్నాడు.”

“అయితే ఇది బయం నాయనా. నాకూ వస్తాది. దాన్ని తోసెయ్యాలని సూస్తే ఇంకా మీదికొస్తాది. రానీ. నేను ఈడే ఉండా. ఊపిరి మెల్లంగా ఇడువు.”

ఆమె నిదానంగా ఊపిరి వదిలింది. ఆమెతోపాటు నేనూ వదిలాను. భయం వెంటనే పోలేదు. ప్రతి మలుపులోనూ ఇదే ఆఖరనుకున్నాను. ఘాట్ దాటిన చాలాసేపటికి వేళ్లలోకి స్పర్శ వచ్చింది. నన్ను పట్టుకున్న ఆమె చెయ్యి కూడా వణుకుతోందని అప్పుడు తెలిసింది.

“మీకేమైందమ్మా?”

“ఈ దోవంటే నాకు ఇప్పటికీ బయమే,” అంది. “ఆరేండ్లు బస్సే ఎక్కలేదు. ఒంటిగా రావడం ఇదే మొదుటిసారి.”

చిత్తూరులో దిగి జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు నేను. ఆ వారమే తిరుపతిలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లి, ఇంట్లో వాళ్లకు కూడా చెప్పని ఆ భయం గురించి మొదటినుంచీ చెప్పాను.