మొగిలి మామ ముక్కు

మా పక్కింటి మొగిలి మామకు ఉన్న పిచ్చి ఒక్కటే. కనబడ్డ వాళ్ల బట్టలు వాసన చూస్తాడు. పెండ్లికి పోతే పెండ్లికొడుకు షేర్వానీ, బ్యాంకుకు పోతే మేనేజరు స్వెట్టర్. సిరిసిల్లలో నలభై ఏళ్లు మరమగ్గాలు నడిపిన మనిషి, బట్టను వేళ్లతో పట్టి చూసేవాడు. ఏడాదిగా ముక్కుతో చూస్తున్నాడు. ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

"నా అంగి ఏం జేసింది మామా?" అని నేనే ఒకసారి అడిగాను.

"ఏం జెయ్యలే. మంచిగనే ఉన్నది, పో."

ఏది మంచిగున్నదో చెప్పడు.

ఒకరోజు మా బీరువా తెరిచి, చీరల మధ్య ఉన్న డాంబర్ గోలీలన్నీ, అవే కలరా ఉండలు, ఏరి పొట్లం కట్టుకుపోయాడు. మా ఆవిడ లబోదిబోమంది. "చీరలకు పురుగు పడ్తది మామా."

"పడనియ్. చీరె పోతే ఇంకోటి నేస్త."

మర్నాడు ఎండిన వేపాకు తెచ్చిచ్చాడు. మామకు మతి తప్పిందని వాడలో కొందరు, గోలీలు అమ్ముకుంటున్నాడని కొందరు అన్నారు. నాకు రెండూ నిజమే అనిపించింది.

మొన్న వేములవాడలో మామ మనవడికి పుట్టువెంట్రుకలు తీశారు. మామ కూతురు వనితను చొప్పదండిలో ఇచ్చారు. గుండు కాగానే వనిత అత్త నాగవ్వ సంచిలోంచి పాత పట్టు కండువా తీసింది. వాళ్లింట్లో మగపిల్లలందరికీ గుండు మీద అదే కప్పుతారట. మామ ముక్కు కదిలింది. కండువా గుంజుకుని కొబ్బరికాయల దుకాణాల వైపు ఉరికాడు. ఎందుకో తెలియకుండానే వెనక నేనూ, నా వెనక నాగవ్వా ఉరికాం.

"అది మా ఆయన కండువ అన్నా, ఇటియ్యి."

"గీ వాసనకు నాకు తుమ్ములొస్తయ్ చెల్లె," అని మామ తుమ్మబోయాడు. తుమ్ము రాలేదు.

"గీ పిచ్చి మనిషింటికి ఇగ నా మనవణ్ణి పంప."

మామ ముఖం పాలిపోయింది. అయినా కండువా వీపు వెనక దాచుకునే ఉన్నాడు. పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చిన వనితే సంగతి చెప్పింది.

"బాపు పిచ్చోడు కాదు అత్తమ్మా. పోరడు నెల పిల్లగాడప్పుడు కామెర్లని దవాఖానల పెట్టినం గదా. పెట్టెలకెల్లి తీసిన చీరెల చుట్టినం, గా డాంబర్ గోలీల వాసనకే రక్తం విరిగిందట. జీ సిక్స్ పీడీ అని ఒక ఎంజైమ్ వీనికి తక్కువున్నది. మీ కొడుక్కు ఎరికే. గిది తల్లి దిక్కుకెల్లి వస్తదట. నన్ను ఎవలన్న అంటరని బాపు మీకు చెప్పనియ్యలే."

"మగ్గం మీద పోగు తెగితే అతికేటోడు ఉంటడు గదా చెల్లె," అన్నాడు మామ మెల్లగా. "పోరని రక్తంల గా పనోళ్లు తక్కువ. రోజు మంచిగనే నడుస్తది. గీ వాసన తగిలితే, కొన్ని మందుబిళ్లలు మింగితే, పోగులన్ని ఒక్కపారే తెగుతయ్."

మనవడు మామ ఇంటికి వచ్చినప్పుడల్లా ఎత్తుకునేది నేను. నా అంగి సంగతి అప్పుడు అర్థమైంది. "మరి మేనేజర్‌ది ఎందుకు మామా?"

"ఆయనకు సుత పోరగాండ్లున్నరు. ఎవల రక్తంల ఏమున్నదో ఎవలికెరుక?"

ఏడాదిగా ఈ మనిషిని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది. నాగవ్వ కండువా తీసుకుని సంచిలో అడుగుకు కుక్కి, మూతి బిగించి కట్టింది.

"కోడలంటే నాకు బిడ్డ కాదా? గీ మాట అప్పుడే చెప్తే నేను సుత వాసన చూద్దును గదా అన్నా," అంది. అని ఊరుకోలేదు. నా దగ్గరికి వచ్చి భుజం మీద ముక్కు పెట్టింది. "గీయన అంగి వాసనొస్తుంది."

మా ఆవిడ మామకు తెలియకుండా బీరువాలో మళ్లీ గోలీలు వేసిందట. "బస్సు తొందరల నీ అంగి నేనే చూడలే," అని మామ తెగ నొచ్చుకున్నాడు.

సిరిసిల్ల దాకా బస్సులో బనీను మీదే వచ్చాను.