తీగలో పోయే మాటలు

మా ఆవిడకు పుణ్యానికి చేసే చాకిరీ అంటే మహా ఇష్టం. పగలంతా నీటి పంపులమ్మే కంపెనీలో వాళ్ళ లెక్కల ప్రోగ్రాముతో కుస్తీ పడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే మరో ప్రోగ్రాము ముందు కూర్చుంటుంది. మొదటి దానికి జీతమైనా ఇస్తారు. రెండో దానికి వచ్చేవి ఫిర్యాదులే. "పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు జనం. ఏది పనిచేయడం లేదో ఈవిడ కూర్చుని ఊహించుకోవాలి.

గొంతు ఆపరేషన్‌లో మాట పోయినవాళ్ళ కోసం ఎవరో మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి పోయిన ప్రోగ్రాము అది. లినక్స్ కంప్యూటర్ మీద నడుస్తుంది. టైపు చేసింది అవతలివాళ్ళకు ఇంతింత అక్షరాలతో కనిపిస్తుంది, పక్కగదిలో ఉన్నా సరే, పక్క ఊళ్ళో ఉన్నా సరే. దాన్ని మా ఆవిడ నెత్తికెత్తుకోవడానికి కారణం మా వెనకగదిలోనే ఉంది. వాళ్ళ అన్నయ్య.

ఆయన నాకు బావ. బస్సు కండక్టరు. ఆ రోజుల్లో ఆయన ఒక్క కేక వేస్తే చివరి సీట్లో గురక పెట్టేవాడు కూడా ఉలిక్కిపడి లేచి చిల్లర తీసేవాడట. గొంతులో గడ్డ తీసినప్పుడు గొంతు కూడా తీసేశారు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఇంకెక్కడికి పోతాడని మేమే తెచ్చుకున్నాం. మెడకు మెత్తటి గుడ్డ కట్టుకుని, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, రెండు చూపుడువేళ్ళతో టకటకా కొడతాడు. ఏం లాభం, మాతో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "ఎలా ఉంది అన్నయ్యా?" అని చెల్లెలు అడిగితే, "బాగానే ఉంది." నేనడిగితే, "బాగానే ఉంది బావగారూ." మర్యాద ఒకటి ఎక్కువ, అంతే.

ఈ మాటలన్నీ రోగుల సంఘం వాళ్ళ సర్వరు మీదుగా పోతాయి. ఇన్నాళ్ళూ అవి కార్డు ముక్క మీద రాసినట్టు బాహాటంగానే పోయేవి. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఈ నెలాఖరు నుంచి అలాంటివి తీసుకోబోమని సంఘం వాళ్ళు చెప్పేశారు. ఇక మీద మాటకు ఇక్కడ తాళం వేసి పంపితేనే అక్కడ తీసి అందిస్తారు. ఎన్‌క్రిప్షన్ అంటే ఇంతేనట. ఆలోగా మా ఆవిడ ఆ పని పూర్తి చేయకపోతే బావతో సహా అందరికీ మాట రెండోసారి పోతుంది.

అలా మొదలైన పనితో ఆ నెల మా ఇల్లు ఇల్లులా లేదు. కొత్త కనెక్షన్ కలవగానే ప్రోగ్రాము బిగుసుకుపోయేది, మూసినా మూసుకునేది కాదు. అది సర్దుకుంటే, పాత కంప్యూటర్లున్నవాళ్ళకు అసలు కలవనే లేదు. మా ఆవిడ అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి గోడకేసి చూసేది. కుడిచేతి మణికట్టు నొప్పని ఎడమచేత్తో తినడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే దాని ముందే నిలబడి చూస్తూ ఉంది తప్ప కట్టేయాలని తోచలేదు. నేనే వెళ్ళి కట్టేశాను. తిడదామనుకున్నాను గానీ ఆ మొహం చూస్తే నోరు రాలేదు.

ఒకరోజు ఇంటికొచ్చేసరికి "కలిసింది" అంది నవ్వుతూ. టీ పెట్టుకుని తాగాం. గ్లాసు కింద పెట్టకముందే ఆ నవ్వు పోయింది. సర్వరు నిజంగా మన సర్వరేనా అని చూసుకునే తనిఖీని పరీక్ష కోసమని తనే తీసేసి, మళ్ళీ పెట్టడం మరిచిపోయిందట. తలుపుకు తాళం వేసి, ఎవరు పిలిచినా తీసే మనిషిని కాపలా పెట్టినట్టయింది. మళ్ళీ పెడితే మళ్ళీ కలవలేదు. పని మొదటికొచ్చింది.

ఆ మర్నాడు కంప్యూటరైతే తెరిచింది గానీ కీబోర్డు మీద చెయ్యి వేయలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"చేయబుద్ధి కావడం లేదండీ."

"అలిసిపోయావు. ఈ రోజుకి మానెయ్."

"అది కాదు. ఇది పూర్తయితే అన్నయ్య సంగతి నాకు తెలియదు."

అప్పుడు చెప్పింది. పోయిన చలికాలం మాటలు సగం సగం అందుతున్నాయని ఎవరో రాస్తే, తీగలో ఏం పోతోందో చూపించే పనిముట్టు పెట్టి చూసిందట. ఈవిడ తరహా పనివాళ్ళందరూ అలాగే చూస్తారు. ఆ సమయానికి బావ తన స్నేహితుడికి రాస్తున్నాడు. ఆయన రైల్వేలో గార్డుగా చేసినవాడు, ఆయనకూ గొంతు లేదు. తెర మీద పచ్చిగా కనబడింది: "మింగుతుంటే రక్తం పడింది. ఇంట్లో చెప్పలేదు. చెల్లెలు ఇప్పటికే సగమైపోయింది."

మర్నాడే ఏటా చేయించే పరీక్షలని అబద్ధం చెప్పి ఆయన్ని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. చిన్న పుండు, అప్పుడే పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి రోజూ చూస్తూనే ఉందట. ఆయన "బాగానే ఉంది" అంటే నమ్మడం మానేసి, తీగను నమ్ముకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నాకొక్క ముక్క చెప్పనందుకు ఈవిడ మీద, నోరు విప్పనందుకు ఆయన మీద. గొంతు లేని మనిషి మీద ఆ కోపమేమిటని మళ్ళీ నా మీద నాకే విసుగొచ్చింది.

"పోనీ, మన ఇంటి కంప్యూటర్‌కి మాత్రం మారుతాళం ఒకటి దాచుకో," అన్నాను. "ప్రోగ్రాము నీ చేతిలోనే ఉంది కదా."

"అది ఎంతసేపు పని? రెండు లైన్లు." కళ్ళు నులుముకుంది. "లోకంలో గొంతు పోయినవాళ్ళందరి మాటలకీ తాళం వేసి, మా అన్నయ్యవి మాత్రం బయట పెట్టుకోమంటారా? ఆయనేం పాపం చేశాడండీ?"

మళ్ళీ తనే అంది: "ఈ నెలంతా అన్నయ్య గార్డుగారికి ఒంటి సంగతేమీ రాయలేదులెండి, చెట్నీ బాగుంది, ఫ్యాను చప్పుడు చేస్తోంది, ఇవే. బాగున్నట్టే."

ఆ మాట ధైర్యంతోనే మళ్ళీ పనిలో పడింది. ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచింది. తెర మీద ఒక పక్క ఆ పనిముట్టు తెరిచి ఉంది. వెనకగదిలో బావ టైపు చేస్తున్న చప్పుడు వినబడుతోంది. తెర మీద మాత్రం అర్థం పర్థం లేని గజిబిజి, వరసలు వరసలుగా. తనిఖీ కూడా సరిగ్గా ఉంది. పని అయిపోయింది. అంత గెలుపు గెలిచిన మనిషి కుర్చీలో జారగిలబడి, ఇంట్లో ఎవరో పోయినట్టు ఆ గజిబిజిని చూస్తూ ఉండిపోయింది.

తర్వాత లేచి వెనకగదిలోకి వెళ్ళింది. నేనూ వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మంచం కోళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, "అన్నయ్యా, నువ్వు గార్డుగారికి రాసేవన్నీ ఇన్నాళ్ళూ చదివాను," అంది. "ఇక చదవలేను. తాళం వేసేశాను."

బావ ఆమె వైపు చూడకుండానే టైపు చేశాడు. "తెలుసు."

మళ్ళీ వేళ్ళు కదిలాయి. "ఆసుపత్రికి లాక్కెళ్ళినప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఆయనకు రాసిందంతా సగం నీకే. నీ మొహం చూస్తూ చెప్పలేక."

ఆ కిందే, "ఇప్పుడు నీకెలా చెప్పేది?" అని కొట్టాడు.

"నాకే చెప్పు. ఇలా ఎదురుగా కూర్చుంటాను, నాకే చెప్పు."

బావ చేతులు కీబోర్డు మీద ఊరికే ఉన్నాయి. తర్వాత ఒక్కో అక్షరమే వచ్చింది. "కుడి చెవి కింద గడ్డ తగులుతోంది."

ఆమె మోకాళ్ళ మీద లేచి, మెడ గుడ్డ పక్కకు జరిపి, వేళ్ళతో తడిమి చూసింది. చెయ్యి అక్కడే ఉంచి, "ఎప్పట్నుంచి?" అంది.

"నువ్వు ఈ పని మొదలుపెట్టిన రోజు నుంచి. రాస్తే చదివి పని ఆపేస్తావని గార్డుకు కూడా రాయలేదు."