దీపం నూనె పోసిన తాళం

మా తాళాల బాబాయి పోయారని నిన్న గోల్‌మురి మార్కెట్‌లో తెలిసింది. ఆయన తాళాలు బాగుచేసే కొట్టు మూసి ఉంటే పక్క కొట్టాయన చెప్పాడు, నాలుగు రోజులైందట. కూరలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను. హైస్కూలు విడిచాక ఉత్తరాలు తప్ప నేనేమీ రాయలేదు. కానీ బాబాయి నా తప్పు ఒకటి కడుపులో దాచుకున్నారు. ఆ మేలు ఆయనతోపాటే మాసిపోకూడదని నా పిల్లల కోసం ఇప్పుడు కలం పట్టాను.

ఆయన మాకు బంధువు కాదు. ఈ హిందీ ఊళ్ళో మా శ్రీకాకుళం వైపు మనిషని బాబాయి అనేదాన్ని.

ఆరేళ్ళ కిందట ఒక ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి, పూజకు మందారాలు కోసుకుందామని వాకిట్లోకి వెళ్ళాను. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తగారు ఒక్కరే. గాలికి తలుపు పడింది. మూసుకుంటే దానంతట అదే పడే తాళం. తాళంచెవి కొంగుకే ఉంది కనుక భయపడలేదు. చెవి లోపలికి వెళ్ళింది, తిరగలేదు.

"అమ్మాయ్, మాడు వాసనొత్తంది!" అన్నారు అత్తగారు లోపలి నుంచి.

గట్టిగా కేకేశాను. పక్కింటామె బాబాయికి ఫోన్ చేసింది. ఆయన సైకిల్ మీద వచ్చేసరికి జనం చేరారు. "దర్వాజా తోడ్ దో!" అంటూ ఎదురింటాయన తలుపు పగలగొట్టడానికి గడ్డపార ఎత్తాడు.

"రుకో భయ్యా," అని బాబాయి అడ్డుకుని, నా వైపు తిరిగారు. "తల్లీ, ముసలమ్మ మంచం ఏ పక్కుంది?"

"తలుపు వెనకాలే, బాబాయ్."

తలుపు ఆవిడ మీద పడుతుందని బాబాయి గడ్డపార దింపించారు. తలుపు కింది సందులోంచి పొగ వస్తోంది. మనసులో దేవుణ్ణి పిలుద్దామంటే పేరు గుర్తు రాలేదు.

"అత్తమ్మా, కొంగు ముక్కుకి అడ్డెట్టుకోండి! మీ కోడలికి పాలు కాయడం రాదని ఈదంతా తెలిసిపోనాది," అన్నారు బాబాయి తలుపుకు నోరు ఆనించి.

"ఇన్నాళ్ళకా?" అన్నారు ఆవిడ దగ్గుతూ.

బాబాయి తాళంచెవిని బయటికి లాగి వాసన చూశారు. నాకొక్కదానికే వినబడేలా అడిగారు. "దీపం నూనా?"

తలూపాను. కుందిలో మిగిలిన నూనెను తొక్కేచోట పారబోయలేక, ప్రతి శుక్రవారం తాళంలో వేసేదాన్ని. పుణ్యమూ, మెత్తదనమూ రెండూ అనుకున్నాను. మా కిటికీల మీద రోజూ పేరుకునే కార్ఖానా ధూళి ఆ నూనెతో కలిసి జిగురులా పట్టేసింది.

ఆయన సన్నటి తీగతో గెలికి, సుత్తి పిడితో తాళాన్ని మెల్లగా తడుతూ చెవి తిప్పారు. ఎంతసేపో తెలియదు. తలుపు తెరుచుకుంది. గిన్నె నల్లగా మాడింది. అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"ఏమైంది?" అన్నారు అందరూ.

"తాళం పాతదయిపోనాది, అంతే." దానికి రెండేళ్ళయినా నిండలేదు.

అందరూ వెళ్ళాక తాళం విప్పి, తుడిచి, పెన్సిల్ ములుకు గీరిన పొడి వేసి చూపించారు. "నూనె దేవుడికి, పెన్సిల్ తాళానికి. గుమ్మం దాటితే పొయ్యి ఆర్పాల. రెండో చెవి పక్కింట్లో ఉండాల." ఆ తర్వాత ఏటా వానలకు ముందు వచ్చి, తలుపును ఒక్క వేలితో తోసి చూసేవారు. బందులు కిర్రుమంటే, "ఇల్లు మూలుగుతంది, ఇనబడలేదా తల్లీ?" అనేవారు.

ఆ పొగ ఇప్పటికీ నా నిద్రలోకి వస్తుంది. అత్తగారు మాత్రం నా కోడలు కంటికి రెప్ప అని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు.

అందుకే పిల్లలూ, ఈ కాగితాలను దేవుడి అరలో దాచండి. నానమ్మకు గానీ వీధిలో వాళ్ళకు గానీ చూపించకండి. వాళ్ళకు బాబాయి చెప్పిన మాటే ఉండనివ్వండి. నిన్న సాయంత్రం తాళంచెవికి పెన్సిల్ రుద్దాను. వేళ్ళకు అంటిన ఆ నలుపు కడుక్కోకుండానే దీపం వెలిగించాను.